చైనా టీ సామాను: మేం చెప్పిన మాట, మేం దిద్దుకోవాల్సిన మాట



పోయిన సంక్రాంతికి మా ఇంట్లో కలుసుకున్నప్పుడు మేం పోసిన చైనా టీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుక్కెడు పట్టే ఆ కప్పులు చూసి ఒక పెద్దాయన, "ఇది టీయా, తీర్థమా? ఉద్ధరిణె కూడా పెట్టాల్సింది" అంటే అందరూ నవ్వారు. మూడో విడత వచ్చేసరికి ఆయనే కప్పు ముందుకు జరిపి "ఇంకోటి" అన్నారు. ఆ సాయంత్రం తర్వాత నాలుగైదు ఇళ్లవాళ్లు ఆ సామాను ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మేం ఒక దుకాణం పేరు చెప్పాం. అక్కడ జరిగిన తప్పులో మా పాలు ఉంది కాబట్టి ఇది రాస్తున్నాం.

మా మాట నమ్మి ఒక వదినగారు అక్కడికి వెళ్లి 14,000 రూపాయలు పెట్టి యీషింగ్ మట్టి టీపాట్ కొన్నారు. పాతకాలపుదని, పేరు మోసిన కళాకారుడి ముద్ర అడుగున ఉందని అమ్మినవాళ్లు చెప్పారట. రెండు వారాల తర్వాత ఫోన్ చేశారు. "మరిగే నీళ్లు పోస్తే బూట్ పాలిష్ వాసన వస్తోంది, యీషింగ్ అంటే ఇలాగే ఉంటుందా?" అని. వెళ్లి చూశాం. తెల్ల గుడ్డ తడిపి రుద్దితే గోధుమరంగు గుడ్డకు అంటింది. కొత్త కుండను పాతదానిలా కనిపించేట్టు చేయడానికి పాలిష్ పట్టడం ఈ వ్యాపారంలో పాత ఎత్తే. వదినగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. డబరా గ్లాసులో ఫిల్టర్ కాఫీ ఇచ్చి పంపారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వచ్చి అదే దుకాణంలో మేం కొన్నదాన్ని కూడా రుద్ది చూశాం. దాని సంగతీ అంతే. ఆరేళ్లుగా ఎప్పుడూ వాడలేదు కాబట్టి తెలియలేదు. షోకేసులో పెట్టి వచ్చినవాళ్లకు చూపించాం, మురిశాం. రోజూ టీ కాచుకునేది మాత్రం 800 రూపాయల తెల్ల పింగాణీ గైవాన్‌లో. దుకాణంవాళ్లు వాపసు తీసుకోమన్నారు. సగం మేం పెట్టుకుంటామంటే వదినగారు ఒప్పుకోలేదు.

అందుకే ఇప్పుడు మా అభిప్రాయం తిన్నగా చెప్తున్నాం. చైనా టీ కావాలంటే ఒక గైవాన్ కొనండి, దాన్ని వాడండి, అక్కడే ఆగండి. తాగని టీకి కుండలు పోగేయవద్దు.

గైవాన్ అంటే మూత ఉన్న చిన్న గిన్నె, కింద ఒక సాసరు. మూత ఆకాశం, సాసరు భూమి, మధ్య గిన్నె మనిషి అని చైనావాళ్లు చెప్పుకుంటారు. 100 నుంచి 120 మిల్లీలీటర్లు పట్టేది ఇద్దరు ముగ్గురికి చాలు. అందులో 5 గ్రాముల ఊలాంగ్ ఆకు వేసి, మరిగిన నీళ్లు పోసి, పది పదిహేను సెకన్లలో మూత కొంచెం పక్కకు జరిపి ఆ సందులోంచి వంపేయాలి. అదే ఆకుతో ఆరేడు విడతలు వస్తుంది, ఒక్కో విడతకీ కాసేపు పెంచుకుంటూ పోవాలి. మొదటిసారి వేళ్లు కాలతాయి, మావీ కాలాయి. గిన్నె నిండా పోయకుండా అంచు కింద వేలెడు వదిలి, బయటికి విచ్చుకున్న ఆ అంచును రెండు వేళ్లతో పట్టి, చూపుడు వేలు మూత బొడిపె మీద ఆనిస్తే కాలదు. వారం రోజుల్లో చేయి అలవాటు పడుతుంది.

పింగాణీకి నునుపైన పూత ఉంటుంది. అది ఏ వాసనా పట్టుకోదు. పొద్దున పచ్చ టీ, సాయంత్రం నల్లని పూఅర్, ఏది వేసినా కడిగితే పోతుంది. ఆకు మంచిదైతే మంచిదని, చెడ్డదైతే చెడ్డదని చెప్పేస్తుంది, దాచదు. చైనాలో టీ అమ్మేవాళ్లు, రుచి చూసేవాళ్లు తెల్ల గైవాన్ వాడేది అందుకే. పింగాణీకి పేరు పడ్డ ఊరు జియాంగ్‌షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్. దాని దగ్గరి గావ్‌లింగ్ అనే ఊరి పేరు మీదుగానే తెల్లమట్టికి కయోలిన్ అన్న పేరు వచ్చింది.

యీషింగ్ సంగతి వేరు. జియాంగ్‌సూ రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. అక్కడి మట్టిని జీషా అంటారు, ఊదారంగు ఇసుక అని అర్థం. ఊదా-గోధుమ, ఎరుపు, లేత పసుపు దాని సహజ రంగులు. పూత లేకుండానే కాలుస్తారు. మన కుమ్మరిలా సారె మీద తిప్పరు. మట్టిని చెక్క సుత్తితో కొట్టి పలకలు చేసి, ఆ పలకలను వంచి, అతికించి, చెక్కబద్దతో తట్టి తట్టి ఆకారం తెస్తారు. ముక్కు, పిడి, నోటి అంచు మూడూ ఒకే ఎత్తులో కుదిరేలా చేయాలంటే ఏళ్ల తరబడి చేయి సాగాలి. పూత లేదు కాబట్టి సన్నని రంధ్రాల్లోకి టీ కొంచెం కొంచెంగా ఇంకుతుంది. అందుకే ఒక కుండలో ఒకే రకం టీ కాస్తారు, సబ్బు పెట్టరు. మన ఇళ్లలో రాచ్చిప్ప తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ తమిళంలో కల్చట్టి అంటారు కదా. గంజి పోసి, ఆముదం పసుపు పట్టించి రోజుల తరబడి సాకి, ఆ తర్వాతే పులుసు పెట్టేవాళ్లు మా అమ్మమ్మ. అమ్మమ్మ చేతిలో అది నల్లగా నిగనిగలాడేది. ఆ నిగారింపు పులుసు ఇచ్చింది, పాలిష్ కాదు.

యీషింగ్ కుండ అందం కూడా అలాగే వాడకం మీద వస్తుంది. రోజూ వేడినీళ్లు తగిలి, టీ తగిలి, చేయి తగిలి మెల్లమెల్లగా మెరుపు తేలుతుంది. అంటే షోకేసులో పెట్టిన కుండ ఎన్నేళ్లు కూర్చున్నా కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది, దుమ్ము అదనం. వస్తువు స్వభావమే అది. దాన్ని అద్దం వెనక పెట్టడమంటే పాడే పిట్ట గొంతు కట్టేసి పెంచుకోవడమే.

ఇక ఆ ముద్ర సంగతి. వదినగారి కుండ అడుగున ఉన్నది గూ జింగ్‌జో ముద్ర అని అమ్మినవాళ్లు చెప్పారు. ఆయన 1915లో పుట్టి 1996లో పోయారు. ఇరవయ్యో శతాబ్దపు యీషింగ్ కళాకారుల్లో అందరికన్నా ముందు వినిపించే పేరు. ఆయన చేసిన కుండలు వేలంలో కోట్ల రూపాయలు పలికాయి. అలాంటిది 14,000కు ఎలా వస్తుంది? కొనేటప్పుడు ఈ చిన్న లెక్క మాకూ తట్టలేదు. తమాషా ఏమిటంటే, ఆయన కూడా యువకుడిగా ఉన్నప్పుడు షాంఘైలో ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర పాత కుండలకు నకళ్లు చేశారు. అవి నకళ్లే అయినా చేతిపనిలో అసలుకు తీసిపోనివి. ఇప్పుడు ఆయన పేరు కొట్టి అమ్మేవాటిలో చేతిపనీ లేదు, చాలావాటిలో ఆ మట్టీ లేదు. పల్చటి మట్టి అచ్చులో పోసి తీసినవి. ముదురు ఆకుపచ్చ, నీలం రంగుల్లో కనిపించేవి దాదాపుగా రంగు కలిపినవే.

కుండల చరిత్ర కూడా మా మాటకే బలం ఇస్తుంది. టాంగ్ కాలంలో టీని బిళ్లలుగా చేసి, పొడి కొట్టి, ఉప్పు వేసి నీళ్లలో మరగబెట్టేవాళ్లు. అప్పుడు టీపాట్ అక్కర్లేదు, లేదు కూడా. సుంగ్ కాలంలో పొడిని గిన్నెలో వేసి వెదురు కుంచెతో నురగ వచ్చేదాకా చిలికేవాళ్లు. తెల్లని నురగ బాగా కనిపించాలని నల్లని గిన్నెలు వచ్చాయి. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి బిళ్ల టీని కప్పంగా పంపవద్దని, విడి ఆకే పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆకును నీళ్లలో నానబెట్టి వంపుకునే పద్ధతి ఊపందుకున్నాక యీషింగ్ టీపాట్‌కు గిరాకీ వచ్చింది. ప్రతిసారీ ముందు తాగే తీరు మారింది, ఆ వెనక పాత్ర వచ్చింది. మనవాళ్లలో కొందరు ముందు పాత్ర కొంటున్నారు, తాగడం ఎప్పటికో.

ఎనిమిదో శతాబ్దంలో టీ మీద పుస్తకం రాసిన లూ యూ ఏకంగా రెండు డజన్ల సామాన్లు వర్ణించాడు. గొప్పవాళ్ల ఇళ్లలో అయితే వాటిలో ఒక్కటి తక్కువైనా టీ పాడైనట్టే అన్నాడు కూడా. కొనమని చెప్పేవాళ్లు అక్కడిదాకే చెప్తారు. అదే పుస్తకంలో, అదే చోట, కొండల్లో రాళ్ల మీద కూర్చుని కాచుకునేటప్పుడు, వాగు పక్కన కాచుకునేటప్పుడు ఏయే సామాను వదిలేయవచ్చో ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పాడు. మన అపార్ట్‌మెంట్ బాల్కనీ గొప్పవాళ్ల ఇంటి కంటే ఆ రాతిబండకే దగ్గర అని మా ఉద్దేశం.

చిన్న కప్పుల టీకి పుట్టిల్లు గ్వాంగ్‌డంగ్ రాష్ట్రం తూర్పు కొసన ఉన్న చావ్‌జో ప్రాంతం. అక్కడి పద్ధతిని గుంగ్‌ఫూ టీ అంటారు. మన పిల్లలకు సినిమాల్లో తెలిసిన కుంగ్‌ఫూ కూడా పలుకులో ఆ మాటే. ఓపికతో, సాధనతో అబ్బిన నేర్పు అని అర్థం. తన్నులాట ఒక్కటే కాదు. అక్కడ చిన్న కుండ, మూడు కప్పులు. ఎంతమంది వచ్చినా తరచు ఆ మూడు కప్పులే. ఒక్కో కప్పు విడిగా నింపరు. కుండను కప్పుల మీదుగా గుండ్రంగా తిప్పుతూ పోస్తారు, అందరికీ చిక్కదనం ఒకటిగా రావాలని. దానికి "సేనాని గ్వాన్ కోట చుట్టూ గస్తీ" అని పేరు. చివరి చుక్కలు ఒక్కొక్క కప్పులో సమంగా పంచడాన్ని "హాన్ షిన్ సైన్యాన్ని లెక్కపెట్టడం" అంటారు. ఇద్దరూ వాళ్ల చరిత్రలో పేరున్న యోధులే. మూడు కప్పులు, ఐదుగురు మనుషులు అయితే ఇద్దరు ఆగాలి. ముందు తాగినవాళ్ల కప్పులు మరిగే నీళ్లతో కడిగి తర్వాతివాళ్లకు ఇస్తారు. ఇది చెప్పగానే మా ఇంట్లో ఒక అత్తయ్యగారు "ఎంగిలి కాదూ?" అన్నారు. నిజమే, మన ఇళ్లలో అది కుదరదు. మేం మనిషికొక కప్పు పెడతాం. చావ్‌జోవాళ్లు చూస్తే నవ్వుకుంటారేమో, నవ్వుకోనివ్వండి.

ఇంకో మాట. ‘తేయాకు’లో ఉన్న ‘తే’ మనకు ఎక్కడినుంచో ఊడిపడలేదు. దక్షిణ చైనా తీరంలో ఫూజియెన్, చావ్‌జో ప్రాంతాల పలుకులో టీ పేరు ‘తే’కి దగ్గరగా ఉంటుంది. ఓడల మీద అది ప్రపంచం చుట్టింది. మిగతా చైనాలోని ‘చా’ మనకు ‘చాయ్’ అయింది. రెండూ మన నోట ఉన్నాయి. కోయంబత్తూరులో మూడు తరాలుగా ఉంటూ తమిళం, తెలుగు కలిపి మాట్లాడే మనకు మాటలు ఇలా ఊళ్లు తిరగడం వింతేమీ కాదు.

సేకరించేవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. హాంకాంగ్‌లో ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ అనే పాత భవనంలో టీ సామాను మ్యూజియం ఉంది, 1984లో తెరిచారు. దానికి పునాది సోయా పాల కంపెనీ స్థాపించిన కె.ఎస్. లో గారి సేకరణ. ఆయన యీషింగ్ కుండలు పోగేసి ఇచ్చారు కాబట్టి ఈ రోజు ఎవరైనా వెళ్లి అసలు కుండ ఎలా ఉంటుందో చూడగలరు. అలాంటి సేకరణకు మేం చేతులెత్తి దండం పెడతాం. కాని ఆయన వస్తువు తెలిసి కొన్నారు, చివరికి అందరి కోసం ఇచ్చేశారు. మనం చేసేది అది కాదు. ముద్ర చదవడం రాకుండా కొని, టీవీ పక్కన పెట్టి, పని అమ్మాయిని దాన్ని ముట్టుకోవద్దంటున్నాం.

బహుమతి పెట్టెల సంగతి కూడా చెప్పాలి. గృహప్రవేశాలకు చైనా టీ సెట్టు ఇవ్వడం ఈ మధ్య మనవాళ్లలో మొదలైంది. పన్నెండు ముక్కలు, స్పాంజి గుంటల్లో పడుకోబెట్టి. అందులో వెదురు పటకారు, ఆకు తోసే పుల్ల, టీ పోస్తే కూర్చుని తడిసే మట్టి కప్ప, ఏమిటేమిటో. మేం రెండేళ్ల క్రితం ఇచ్చిన పెట్టె ఒకటి మొన్న మా పెళ్లిరోజుకు మాకే తిరిగి వచ్చింది. ఎలా గుర్తుపట్టామంటే, మూలన మేం కాలబెట్టిన అగరుబత్తి మచ్చ అలాగే ఉంది. ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఒక్క ఇంట్లోనూ రిబ్బను విప్పలేదు.

మరి ఏం కావాలి? గైవాన్ ఒకటి, లోపల తెల్లగా ఉన్నది. లోపలివైపు బంగారు గీతలు, ముదురు రంగు బొమ్మలు ఉన్న చౌక కప్పులు వద్దు, ఆ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంటుంది. చిన్న కప్పులు నాలుగు. వంపుకోవడానికి ఒక గాజు జగ్గు. దాన్ని చైనాలో ‘న్యాయం కప్పు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, ముందు అందులోకి వంపి తర్వాత కప్పుల్లో పోస్తే అందరికీ ఒకే చిక్కదనం అందుతుంది కాబట్టి. ప్రయోగశాల బీకరు లాంటిదైనా సరే. నీళ్లు ఒలికే చెక్క ట్రే అక్కర్లేదు. ఇంట్లో తాంబాళం ఉంటుంది, దాని మీద చిల్లుల పళ్లెం బోర్లిస్తే సరి. కెటిల్ ఎలాగూ ఉంది. అంతా కలిపి రెండు వేలు దాటకూడదు. దాటుతోందంటే ఎవరో మీకు కథ అమ్ముతున్నారు.

ఆకు కోసం కూడా చైనా దాకా పోనక్కర్లేదు. కూనూరు మనకు రెండున్నర గంటల దారి. చలికాలంలో మంచు పడే రోజుల్లో కోసిన నీలగిరి ఆకు, పొడి కానిది, నిండు ఆకు అడిగి తెచ్చుకుని గైవాన్‌లో వేసి చూడండి. ఆ పూల వాసన పాల టీలో ఎప్పుడూ తెలియదు. పాల టీని తక్కువ చేయడం లేదు, సాయంత్రం బజ్జీలతో అదే కావాలి. దానికి స్టీలు గ్లాసే సరి.

ఒకటి రెండేళ్లు గైవాన్‌తో తాగి, మీకు ఒకే రకం టీ మీద మనసు నిలిచిందని తెలిశాక, అప్పుడు యీషింగ్ గురించి ఆలోచించండి. పేరు లేని చిన్న కుండ చూడండి. కొనేముందు మరిగే నీళ్లు పోసి వాసన చూడనివ్వమని అడగండి. నీళ్లు ధారగా, తుంపర కాకుండా పడుతున్నాయా, వంచినప్పుడు మూత ఊగుతోందా, తడిగుడ్డకు రంగు అంటుతోందా చూడండి. చూడనివ్వమంటే చెప్పులు వేసుకుని బయటికి రండి. వాడాక మూత తీసి ఆరబెట్టాలి. మన దగ్గర వానాకాలంలో మూత వేసి పెడితే రెండు రోజుల్లో బూజు.

మా గైవాన్ మూత మొన్న మనవడి చేతిలో జారి అంచు విరిగింది. వాడు ఏడవబోతుంటే "ఏం కాలేదురా, నీళ్లు పోయడానికి ఇప్పుడు సందు దానంతటదే దొరికింది" అన్నాం. నిజంగానే ఆ విరిగిన చోటినుంచి ఆకు రాకుండా టీ వస్తోంది. 14,000 కుండ అయి ఉంటే వాడికి ఆ రోజు దెబ్బలు పడేవి, ఒప్పుకుంటున్నాం.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పదింటికి మా వరండాలో కూర్చుందాం. మీ ఇంట్లో విప్పని పెట్టెలుంటే తీసుకురండి, రిబ్బన్లు విప్పి అన్నీ కడిగి వాడి చూద్దాం. ఆకు, నీళ్లు మావి. వదినగారిని ఆ కుండ కూడా తెమ్మన్నాం, పాలిష్ వాసన అందరికీ ఒకసారి చూపిస్తే మంచిదని. ముందు వద్దన్నారు. నిన్న రాత్రి ఫోన్ చేసి, తెస్తాను కాని వేడినీళ్లు పోయడానికి వీల్లేదు, అందులో మనీ ప్లాంట్ పెట్టాను అన్నారు.